ఆరని గ్యాస్ దీపాలు

లండన్ ఓవల్ మైదానంలో జరిగే క్రికెట్ మ్యాచ్‌ని టీవీలో ఒక్కసారైనా చూసినవాళ్ళకి, ప్రేక్షకుల వెనకాల ఆకాశంలోకి లేచిన గుండ్రటి ఇనప పంజరం ఒకటి గుర్తుండే ఉంటుంది. ఓవరుకీ ఓవరుకీ మధ్య ఏం చూపించాలో తోచనప్పుడల్లా కెమెరా దానివైపు తిరుగుతుంది. 1971లో వాడేకర్ జట్టు ఇంగ్లండ్ గడ్డ మీద మన మొట్టమొదటి టెస్టు గెలిచింది దాని పక్కనే. చాలామంది అది ఏదో పాత వాటర్ ట్యాంకు అనుకుంటారు. అది గ్యాస్‌హోల్డర్. అంటే ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళలోనూ వీధుల్లోనూ సాయంత్రం దీపాలు వెలగాలంటే కావలసిన గ్యాసుని దాచిపెట్టుకున్న గాదె అన్నమాట.

గోబర్ గ్యాస్ ప్లాంటు చూసినవాళ్ళకి దీని కిటుకు వేరే చెప్పక్కర్లేదు. నీళ్ళ గుంటలో బోర్లించిన పెద్ద ఇనప డోలు. లోపలికి గ్యాసు వచ్చేకొద్దీ డోలు పైకి తేలుతుంది, వాడేకొద్దీ దిగుతుంది. డోలు బరువే గ్యాసుని గొట్టాల్లోకి నెడుతుంది, వేరే పంపు అవసరం లేదు. పగలంతా తయారుచేసి నింపుకోవడం, పొద్దుగూకాక ఊరంతా ఒక్కసారిగా వాడుకోవడం. ఓవల్ దగ్గరి పంజరాన్ని 2016లో వారసత్వ కట్టడాల జాబితాలో చేర్చారు. కింగ్స్ క్రాస్ దగ్గర ఇలాంటివే మూడు పంజరాల లోపల ఫ్లాట్లు కట్టి అమ్మేశారు. ఎంతకి అమ్మారో ఇక్కడ రాస్తే మనకి ఈ పూట అన్నం సహించదు.

గాదెలు ఖాళీ అయినా దీపాలు మాత్రం పూర్తిగా పోలేదు. లండన్ వీధుల్లో ఇప్పటికీ సుమారు 1,500 గ్యాస్ దీపాలు రోజూ వెలుగుతున్నాయి. కోవెంట్ గార్డెన్ సందుల్లో, సెయింట్ జేమ్స్ పార్కులో, వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ చుట్టుపక్కల. పాతకాలపు స్తంభాల్లో దాచిన కరెంటు బల్బులు కావు, అచ్చంగా గ్యాసు మంటే. వాటిని ఉంచాలా, తీసేయాలా అని కొన్నేళ్ళ కిందట ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. దాని దగ్గరికి వస్తాను. ముందు అసలు ఈ దీపం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం. ఎందుకంటే దీని చరిత్రలో సగం మన పెళ్ళి ఊరేగింపుల్లోకి కూడా వచ్చింది.

గ్యాసు రాక ముందు లండన్‌లో రాత్రిపూట ఇంటికి పోవాలంటే కాగడా పట్టే కుర్రాళ్ళుండేవాళ్ళు. వాళ్ళని లింక్‌బాయ్‌లు అనేవారు. చిల్లర ఇస్తే కాగడా పట్టుకుని మీ ముందు నడుస్తూ గుమ్మం దాకా దిగబెడతారు. కొన్ని పాత ఇళ్ళ గుమ్మాల పక్కన ఇనప గరాటులాంటివి ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ కాగడాలు ఆర్పడానికి పెట్టినవి అవి. వెలుగు అంటే మోసేవాడు ఒకడు ఉండాల్సిందే అన్న కాలం అది.

1792లో కార్న్‌వాల్‌లోని రెడ్రూత్ అనే ఊళ్ళో విలియం మర్డోక్ అనే ఇంజనీరు తన ఇంటిని బొగ్గు గ్యాసుతో వెలిగించాడు. బోల్టన్ అండ్ వాట్ కంపెనీ ఉద్యోగి, అంటే ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ మనిషి. బొగ్గుని గాలి తగలకుండా మూసిపెట్టి బాగా కాలిస్తే అది మండదు. తనలోని గ్యాసుని వదిలేసి కోక్‌గా మారుతుంది. ఆ గ్యాసులో దాదాపు సగం హైడ్రోజన్, తర్వాత మీథేన్, కొంచెం కార్బన్ మోనాక్సైడ్, వీటితోపాటు మంటకి వెలుగునిచ్చే ఇథిలీన్, బెంజీన్‌లాంటివి. దాంట్లోని కుళ్ళిన గుడ్ల వాసన పోవడానికి సున్నం మీదుగా పంపేవారు. మిగిలిన తారు ఎందుకూ పనికిరాదనుకున్నారు గానీ, 1856లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఆ తారులోంచి వచ్చే సరుకుతోనే మొదటి కృత్రిమ రంగు తయారుచేశాడు. రంగులూ మందుల పరిశ్రమ అంతా ఆ దారిలో పుట్టింది. అదింకో వ్యాసం.

మర్డోక్ ఫ్యాక్టరీలని వెలిగించడంతో ఆగాడు. ఊరంతటికీ ఒక్కచోట తయారుచేసి గొట్టాల్లో పంపవచ్చు కదా అన్నది జర్మనీ నుంచి వచ్చిన విన్సర్ అనే వ్యాపారి ఆలోచన. 1807లో పాల్ మాల్ వీధిలో దీపాలు పెట్టి జనానికి చూపించాడు. 1812లో గ్యాస్ లైట్ అండ్ కోక్ కంపెనీకి రాజముద్ర పడింది, 1813 డిసెంబరు 31 రాత్రి వెస్ట్‌మిన్‌స్టర్ వంతెన గ్యాసు దీపాలతో వెలిగింది. నాకు మర్డోక్ కన్నా విన్సరే ఎక్కువ ఆశ్చర్యంగా కనిపిస్తాడు. దీపాన్ని కనిపెట్టడం ఒక ఎత్తు. దీపం ఒకచోట, దాని పొయ్యి మైళ్ళ అవతల ఉండవచ్చు అనుకోవడం ఇంకొక ఎత్తు. ఈ రోజు మనం ఇంట్లో స్విచ్చి వేస్తున్నా, ఎక్కడో ఉన్న సర్వర్‌ని వాడుకుంటున్నా ఆ ఊహలోనే ఉన్నాం.

మన దేశానికి ఇది తొందరగానే వచ్చింది. 1857లో, అదే సిపాయిల తిరుగుబాటు సంవత్సరంలో, కలకత్తా వీధుల్లో గ్యాసు దీపాలు వెలిగాయి. 1865లో బొంబాయి.

ఒకే గొట్టం మీద అందరూ ఆధారపడితే ఏమవుతుందో ఒక ఇంగ్లీషు మాటలో మిగిలిపోయింది. ఈమధ్య ఆఫీసుల్లో, కాపురాల్లో, టీవీ చర్చల్లో అందరూ ‘గ్యాస్‌లైటింగ్’ అంటున్నారు. 2022లో మెరియమ్ వెబ్‌స్టర్ నిఘంటువు దాన్నే ఆ ఏటి మాటగా ఎంచుకుంది. అది పాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం పేరు నుంచి వచ్చింది. 1944లో ఇన్‌గ్రిడ్ బెర్గ్‌మన్‌తో సినిమా తీశారు. మొగుడు రోజూ రాత్రి బయటికి వెళ్ళినట్టు నటించి, దొంగచాటుగా మేడమీది గదిలో దీపం వెలిగించి నగలు వెతుకుతుంటాడు. ఆ దీపం వెలగగానే కింద భార్య గదిలో మంట కొంచెం తగ్గుతుంది. ఎందుకు తగ్గిందని ఆమె అడిగితే అంతా నీ భ్రమ అంటాడు. ఇంట్లో ఒక దీపం కొత్తగా అంటిస్తే మిగతావాటికి ఒత్తిడి తగ్గడం అప్పటివాళ్ళందరికీ అనుభవమే. పక్కింట్లో మోటారు వేస్తే మన బల్బు గుడ్డిగా మారడం మనకి అనుభవమైనట్టు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం వచ్చుగానీ ప్లంబింగు రాదు.

ఈ తొలి గ్యాసు దీపం నిజానికి అంత గొప్పదేం కాదు. పసుపుపచ్చటి వట్టి మంట. దాని వెలుగంతా మంటలో సగం కాలిన మసి కణాలు ఎర్రగా కాగడం వల్ల వచ్చేదే. అందుకే పైకప్పులు నల్లబడేవి, గదులు ఉక్కపోసేవి, తలనొప్పులొచ్చేవి. అందుకని 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ విద్యుద్దీపాలతో తెరుచుకోగానే గ్యాసు పని అయిపోయినట్టే కనిపించింది. పూర్తిగా కరెంటుతో వెలిగిన మొదటి ప్రజా భవనం అదే. ఆ థియేటర్ యజమాని డాయిలీ కార్ట్ వేదిక మీదికొచ్చి, వెలుగుతున్న బల్బుని గుడ్డలో చుట్టి పగలగొట్టి, చూడండి, నిప్పంటుకోలేదు అని చూపించాడు.

అయినా గ్యాసు దీపం ఇంకో యాభై ఏళ్ళపాటు పోటీ ఇచ్చింది. దానికి కారణం కార్ల్ ఆవర్ అనే వియన్నా రసాయన శాస్త్రవేత్త. తర్వాత ఆయనకి వెల్స్‌బాఖ్ అనే బిరుదు వచ్చింది.

ఈయన హైడెల్‌బర్గ్‌లో బున్సెన్ శిష్యుడు. అవును, మన ఇంటర్మీడియట్ ల్యాబుల్లో ఉండే బర్నర్ బున్సెనే. ఆ బర్నర్‌లో గ్యాసు గాలితో ముందే కలిసి నీలంగా మండుతుంది. వేడి ఎక్కువ, వెలుగు దాదాపు సున్నా. దీపానికి అస్సలు పనికిరాని మంట. వెల్స్‌బాఖ్ అరుదైన లోహాల లవణాలని పరీక్షిస్తూ, ఆ ద్రావణాల్లో నూలు దారాలని ముంచి ఈ మంటలో పెట్టి చూశాడు. నూలు కాలిపోయింది. కానీ దారం ఆకారంలోనే లవణాల బూడిద మిగిలి, ధగధగా వెలిగింది. అదే మాంటిల్. మంట వేడినివ్వాలి, వెలుగు ఇంకొకటి ఇవ్వాలి. రెండు పనులూ విడదీయడంలోనే ఉంది కిటుకంతా.

1885లో పేటెంట్ తీసుకున్నాడు. మొదటి రకం మాంటిళ్ళు ఆకుపచ్చటి పాలిపోయిన వెలుగునిచ్చేవి, ముట్టుకుంటే రాలిపోయేవి. ఎవరూ కొనలేదు, ఫ్యాక్టరీ మూతపడింది. 1891లో మళ్ళీ వచ్చాడు, ఈసారి 99 పాళ్ళు థోరియం, ఒక పాలు సీరియం. ఒట్టి థోరియం అయితే వెలుగు చాలదు. ఆ ఒక్క పాలు సీరియం కలిస్తేనే తెల్లటి వెలుగు. అంతే గ్యాసుకి పాత మంటకన్నా ఎన్నోరెట్లు వెలుతురు. వీధులకి వీధులు మాంటిళ్ళకి మారిపోయాయి. ఆయన అంతటితో ఆగలేదు. తనకి పోటీ అయిన కరెంటు బల్బుకి మొదటి లోహపు తీగనీ ఆయనే తయారుచేశాడు, సిగరెట్ లైటర్‌లో నిప్పురవ్వ రాల్చే రాయినీ ఆయనే. రెండు పక్కలా పందెం కాసిన మనిషి.

మాంటిళ్ళు కోట్ల సంఖ్యలో కావాలంటే థోరియం కావాలి. థోరియం మోనజైట్ అనే ఇసుకలో ఉంటుంది. మొదట్లో బ్రెజిల్ తీరం నుంచి తెచ్చుకునేవారు. 1909లో షోంబర్గ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త, తిరువాన్కూరు నుంచి వచ్చిన కొబ్బరి పీచుకి అంటుకున్న ఇసుకలో మోనజైట్ మెరుపు గుర్తుపట్టాడు. దాన్ని వెతుక్కుంటూ కన్యాకుమారి వైపున్న మణవాళకురిచి దాకా వెళ్ళాడు. అక్కణ్ణుంచి ఓడలకి ఓడలు ఇసుక యూరప్‌కి తరలింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ ఇసుక మీద జర్మన్ల పట్టు చూసి బ్రిటిష్‌వాళ్ళు ఉలిక్కిపడి తమ చేతిలోకి తీసుకున్నారు. ఇంగ్లండులో పొగమంచు రాత్రి తెల్లగా వెలిగిన వీధి దీపం లోపల మన దక్షిణాది బీచి ఇసుక ఉండేదని తెలిశాక, నేను ఆ దీపాల కింద మామూలుగా నడవలేకపోతున్నాను.

స్వాతంత్ర్యం వచ్చే వేళకి థోరియం అంటే దీపం కాదు, అణుశక్తి. ఇసుక ఎగుమతి ఆపేశారు. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ పుట్టింది. ట్రాంబేలో వాళ్ళు తీసిన థోరియం నైట్రేట్ మాత్రం చాలా ఏళ్ళు మన మాంటిళ్ళ తయారీదారులకి వెళ్ళేది. ఇప్పుడు అణు ఖనిజాల డైరెక్టరేట్ లెక్కల్లో మోనజైట్ నిల్వలు అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా చూపించేది ఆంధ్రప్రదేశ్‌లోనే. భీమిలి బీచిలో కాళ్ళకి అంటుకునే ఆ నల్ల ఇసుక ఉందే, దాంట్లోనూ ఉంటుంది.

ఇక మన ఇంటి సంగతి. 1910లో బెర్లిన్‌లో మాక్స్ గ్రేట్జ్ అనే ఆయన కిరోసిన్‌తో మాంటిల్ వెలిగించే లాంతరు తయారుచేశాడు. పెట్రోలియంలోంచి సగం, తన పేరు ఒకటి కలిపి పెట్రోమాక్స్ అని పేరు పెట్టుకున్నాడు. మనవాళ్ళు దాన్ని పెట్రోమాక్స్ లైటు అనీ అన్నారు, గ్యాస్ లైటు అనీ అన్నారు. కిరసనాయిలు పోసేదానికి గ్యాస్ లైటేమిటి అని చదువుకున్నవాళ్ళు నవ్వడం నేను విన్నాను. నిజానికి పేరు పెట్టినవాళ్ళే సరిగ్గా చూశారు. ఇత్తడి ట్యాంకులో నూనె పోసి, చిన్న గిన్నెలో స్పిరిట్ వెలిగించి గొట్టాన్ని వేడెక్కించి, గాలి కొడితే, నూనె ఆ వేడి గొట్టంలోంచి పైకి పోతూ ఆవిరవుతుంది. సన్నటి నిపిల్‌లోంచి బుస్సుమంటూ వచ్చి గాలితో కలిసి మాంటిల్‌లో మండేది ఆ ఆవిరే. అంటే గ్యాసే. లండన్‌లో ఊరవతల ఉండే గ్యాసు ఫ్యాక్టరీని జానెడు గొట్టంలోకి కుదించారన్నమాట. మా అమ్మమ్మది ఖమ్మం వైపు, ఆవిడ కిరోసిన్‌నే గ్యాసునూనె అనేది.

నేను పుట్టేసరికి మా నాన్నగారి ఊరికి కరెంటు ఉంది, ఉండవలసినప్పుడు తప్ప. కాబట్టి పెళ్ళిళ్ళకి గ్యాస్ లైట్లు అద్దెకి తెచ్చేవారు. వాటిని వెలిగించడం అందరికీ వచ్చే పని కాదు. తొందరపడి ముందే గాలి కొడితే నూనె ఆవిరవకుండా చిమ్మి భగ్గుమంటుంది. మాంటిల్ కొత్తది కడితే ముందు దాన్ని కాల్చి బూడిద చెయ్యాలి, ఆ తర్వాత దానికి వేలు తగలకూడదు, లైటు అదరకూడదు. లైట్లాయన పీట వేసుకుని కూర్చుంటే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్ళం. మొదట ఎర్రగా రెపరెపలాడి, ఒక్కసారి తెల్లగా నిండుకునేది. అంతవరకూ పెత్తనం చేసిన పెద్దమనుషులు కూడా ఆ క్షణంలో ఆయన మాట వినేవాళ్ళు. జరగండి, నిలబడకండి, ఎవరా ఊదేది.

ఊరేగింపు బయల్దేరాక వాటిని తలమీద పెట్టుకుని రెండు వరసల్లో నడిచేవాళ్ళు మాత్రం వేరు. తలమీద గుడ్డ చుట్ట, దానిమీద లైటు. ఎక్కువగా ఆడవాళ్ళు, ఒక్కోసారి మా వయసు పిల్లలు. లైటు అడుగున ట్యాంకు ఉంటుంది కదా, దాని నీడ సరిగ్గా మోసేవాళ్ళ ముఖం మీదే పడుతుంది. పెళ్ళికొడుకు ముఖం, బ్యాండువాళ్ళ బాకాలు, పందిట్లో ముత్తయిదువుల పట్టుచీరలు అన్నీ కనిపిస్తాయి, లైటు మోసే మనిషి తప్ప. తర్వాత జనరేటర్లు వచ్చాయి. ట్రాలీ మీద జనరేటరు, దాన్నుంచి పొడవాటి వైరు, వైరు వెంట వరసగా ట్యూబులైట్లు, రంగురంగుల బల్బుల గొడుగులు. అవీ తలలమీదే. కరెంటు వస్తే మోత తప్పుతుందనుకోవాలి కదా. తప్పకపోగా ఇప్పుడు అందరినీ కలిపి ఒకే వైరుతో కట్టారు, ఒకళ్ళు ఆగితే వెనకవాళ్ళు లాక్కోవాల్సిందే. దీపాల చరిత్రలు రాసినవాళ్ళు ఎన్ని కొవ్వొత్తుల వెలుగో లెక్కలు కడతారు, ఈ తలల లెక్క కట్టరు.

లండన్ గొడవ దగ్గరికి వస్తే, నాకు దానిమీద ఆసక్తి ఇందుకే కలిగింది. 2021లో వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ తన ఆస్తిగా ఉన్న సుమారు 300 గ్యాస్ దీపాలని ఎల్‌ఈడీలుగా మారుస్తానంది. కారణాలు చిన్నవేం కావు. విడిభాగాలు దొరకడం కష్టం. చెయ్యగలిగినవాళ్ళు తక్కువ. ఆరిపోతే బాగయ్యేదాకా వీధి చీకటి. పైగా పగలూ రాత్రీ గ్యాసు కాలుస్తూ పర్యావరణం గురించి ఎవరికి చెప్తారు? దీనికి ఎదురుగా కొందరు ‘లండన్ గ్యాస్కెటీర్స్’ అని ఒక బృందంగా ఏర్పడ్డారు, పేరులోనే హాస్యం ఉంది. దీపాలు లెక్కపెట్టారు, ఫోటోలు తీశారు, చాలా దీపాలకి వారసత్వ హోదా వచ్చేదాకా పోరాడారు. చివరికి కౌన్సిల్ సగానికి పైగా దీపాల్ని గ్యాసుతోనే ఉంచడానికి ఒప్పుకుంది.

నా ఉద్యోగం పాత సిస్టమ్‌లని మూసేసి కొత్తవాటికి మార్చడం. కాబట్టి కౌన్సిల్ నోట్లోని ప్రతి వాక్యం నేను ఏదో ఒక మీటింగులో చెప్పినదే. లెక్క ప్రకారం వాళ్ళదే న్యాయం. కానీ 300 దీపాలు మారిస్తే మిగిలే గ్యాసు, ఈ నగరంలో ఇళ్ళ బాయిలర్లు ఒక చలికాలపు ఉదయం తాగేదాని ముందు ఏపాటి? పోయేది మాత్రం మళ్ళీ రాదు. పనిముట్టు పోవడం కాదు, దాన్ని నడపడం తెలిసిన చేతులు పోవడం. ఎల్‌ఈడీతో అచ్చం అలాంటి వెలుగే తెప్పిస్తామన్నారు. తెప్పించగలరు కూడా, నాకేం అనుమానం లేదు. నాకు బాధ ఆ వెలుగు గురించి కాదు.

ఈ 1,500 దీపాలనీ చూసుకునేది అయిదారుగురున్న చిన్న బృందం. నిచ్చెనేసుకుని తిరుగుతారు. ప్రతి దీపంలోనూ ఒక చిన్న గడియారం ఉంటుంది. సాయంత్రం అదే గ్యాసు వాల్వు తెరుస్తుంది, తెల్లవారి మూస్తుంది. అడుగున ఎప్పుడూ ఒక చిన్న మంట నిద్రపోకుండా ఉంటుంది. ఆ గడియారానికి 14 రోజులకోసారి కీ ఇవ్వాలి, రుతువు మారేకొద్దీ వేళలు జరపాలి, మాంటిళ్ళు మార్చాలి, అద్దాలు తుడవాలి. అంటే నగరం నడిబొడ్డున ప్రతి దీపం దగ్గరికీ నెలకి రెండుసార్లు ఒక మనిషి వచ్చి ముఖం చూసి వెళ్తాడు. ఆ మనిషికి జీతం ఉంది, పింఛను ఉంది, పత్రికల్లో ఫోటో వస్తుంది, టూరిస్టులు ఆపి పలకరిస్తారు. ఇది చూసి సంతోషపడాలో, మా ఊరి లైట్లవాళ్ళని తలుచుకుని కుళ్ళుకోవాలో నాకు తేలలేదు. రెండూ జరుగుతుంటాయి.

సవాయ్ పక్కన, కరెంటు గెలిచిందని లోకానికి చాటిన ఆ థియేటర్ పక్క సందులోనే, కార్టింగ్ లేన్ అని ఒక ఏటవాలు వీధి ఉంది. అక్కడున్న గ్యాస్ దీపం పగలు కూడా వెలుగుతూనే ఉంటుంది. భూమిలోని మురుగు కాలవ గాలిని పైకి లాగి కాల్చేయడానికి వెబ్ అనే ఆయన రూపొందించిన దీపం. మురుగు వాయువుతోనే వెలుగుతుందని గైడ్లు చెప్తారుగానీ కాదు. వెలిగేది మామూలు సరఫరా గ్యాసుతోనే, ఆ వేడికి కాలవలోని గాలి లాక్కుని వస్తుంది. లండన్‌వాళ్ళు ఆ వీధికి పెట్టుకున్న ముద్దుపేరు ఇంగ్లీషులో చక్కగా ప్రాస కుదిరింది, తెలుగులో నేను రాయను.

ఒక సాయంత్రం అక్కణ్ణుంచి నాన్నకి వీడియో కాల్ చేసి ఆ దీపం చూపించాను. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశాడు.

“మాంటిల్ లైటే కదరా ఇది?”

“అవును నాన్నా.”

“గాలెవరు కొడతారు?”

గొట్టంలో వస్తుంది, గాలి కొట్టక్కర్లేదు, గడియారానికి మాత్రం కీ ఇవ్వాలి అని చెప్పాను. దానికోసం జీతమిచ్చి మనుషుల్ని పెట్టుకున్నారనీ చెప్పాను. ఎంతిస్తారని అడిగాడు. నాకు తెలియదన్నాను. కనుక్కోమన్నాడు.